లువా చేతిలో పీత కాలు

హనోయి జనాన్ని శనివారం పొద్దున్నే బస్సులో కుక్కుకుని సామ్ సోన్ సముద్రానికి తీసుకెళ్లడం, ఆదివారం సాయంత్రం ఒంటినిండా ఇసుకతో వెనక్కి తేవడం నా పని. హనోయికి సముద్రం లేదు గానీ అనుమానాలకు మాత్రం కొదవలేదు. బస్సు ఊరు దాటకముందే మొదలవుతాయి. గది తలుపుకు గడియ ఉంటుందా, తూకంలో ఎంత నొక్కేస్తారు, డ్రైవరుకు అక్కడివాళ్లు ఏం ముట్టజెబుతారు? ఆ చివరిది నాకు వినబడేలాగే అంటారు.

ముట్టజెప్పేదేమీ లేదు. లువా నాకు కడుపునిండా అన్నం పెడుతుంది, అంతే.

లువాది ఒడ్డున రేకుల వంటపాక. తెల్లవారి పడవలు రాగానే ఊరి నుంచి వచ్చిన జనం చేపో పీతో కొనుక్కుని సంచీతో ఆవిడ దగ్గరికి వస్తారు, ఆవిడ వండిపెడుతుంది. ఇక్కడే ఉంది తంటా అంతా. బతికున్న పీత లోపలికి వెళితే, దాని బదులు ఎప్పుడో చచ్చిన పీత ఉడికి బయటికొస్తుందని హనోయిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒకసారి ఒకావిడ నలుగురిలో "దొంగముండా" అనేసింది. ఆ రోజు నుంచి లువా ఒక పద్ధతి పెట్టింది. కొన్న మనిషి కళ్లెదుటే పీత కుడివైపు చివరి కాలు విరిచి అతని చేతిలో పెడుతుంది. ఉడికిన పీత బల్ల మీదకు వచ్చాక ఆ కాలు అతికించి చూసుకోవాలి. అతికితేనే తినాలి. దానితో ఆవిడ పేరు హనోయి ఆఫీసుల దాకా పాకింది. మొగుడు థాచ్ సముద్రంలో పోయాక ఆవిడకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

అనుమానంలో లువా కూడా తక్కువేం తినలేదు. జనం తెచ్చిన సంచీ వాసన చూడనిదే ముట్టదు. పక్క పాకవాడు మంచినీళ్లడిగినా ఎందుకా అని ఆలోచిస్తుంది. వెనక పొయ్యి దగ్గర మాత్రం ముసలి అత్తగారు తప్ప ఎవరూ ఉండరు. ఆవిడొక్కతెనే లువా నమ్మింది.

మొన్న ఏప్రిల్ ఆఖరి సెలవులకు ఖాంగ్ గారి ఆఫీసు మొత్తాన్ని తీసుకెళ్లాను. ఖాంగ్ గారు ఇంటి నుంచే తక్కెడ తెచ్చుకున్న మనిషి. పడవలన్నీ తిరిగి, నా జన్మలో చూడనంత పెద్ద పీతను కొన్నాడు. లువా కాలు విరిచి ఇచ్చింది. ఆయన దాన్ని రుమాలులో చుట్టి జేబులో దాచాడు.

"జాగ్రత్త సార్, జేబులో కరుస్తుంది" అన్నాను.

"నువ్వు బండి చూసుకోవయ్యా. ఇందులో నీ వాటా ఎంతో నాకు తెలుసులే" అన్నాడు.

పీత వచ్చింది. ఖాంగ్ గారు రుమాలు విప్పాడు. కాలు ఇంత పొడవు, పీత చూస్తే అంతంతమాత్రం. పైగా దానికి పోయింది ఎడమ కాలు, కుడి కాలు భద్రంగా ఉంది.

"చూశారా! నేను చెప్పలా?" అంటూ ఆయన లేచాడు. ముఖం వెలిగిపోతోంది. అందరూ ఫోన్లు తీశారు.

లువా పీతనూ కాలునూ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"నావైపు చూస్తావేంటక్కా? నేను వంటింట్లోకి రానేలేదు."

"నువ్వు కాకపోతే ఇంకెవరురా?" అంటూ వెనక్కి పరుగెత్తింది. నిందపడ్డ మనిషిని, ఊరుకుంటానా? వెంటే వెళ్లాను.

పొయ్యి దగ్గర ఎవరూ లేరు. లోపలి గదిలో థాచ్ ఫోటో ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. అన్నం గిన్నె, ఉప్పు మిరియాలు, నిమ్మచెక్క. మధ్య పళ్లెంలో ఎర్రగా ఉడికిన ఆ పెద్ద పీత. ముసలావిడ చాప మీద కూర్చుని ఉంది.

"అత్తా, ఏం పనిది? నా కొంప ముంచావు కదే!"

ముసలావిడ తలెత్తలేదు. "ఇవాళ ఏంటో చూసుకున్నావా?"

"సెలవు. ఊరంతా హనోయి జనం."

"అది వాళ్ల క్యాలెండర్లో. చంద్రుడి లెక్కన ఇవాళ వాడు పోయిన రోజు. పొద్దుట్నుంచీ చూస్తున్నా, చెబుతావేమోనని. పీతలన్నీ తెచ్చి వాళ్ల నోట్లో పెట్టినవాడు. వాడికొక్కటి పెట్టకూడదా?"

లువా గుమ్మం పట్టుకుంది. శనివారాలూ ఆదివారాలూ లెక్కపెట్టుకుంటూ బతికే మనిషి తిథి సంగతే మరిచిపోయింది. ముసలావిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఇద్దరం బయటికి వచ్చాం. పోలీసులను పిలవండి, పాక మూయించండి అని కేకలు. "జరిగింది చెప్పక్కా, వాళ్లూ మనుషులేగా" అని గొణిగాను. లువా వినిపించుకోలేదు.

"అవును సార్, మార్చాను" అంది గట్టిగా.

"ఎవరు? నువ్వేనా?"

"నేనే. ఇక్కడ ఇంకెవరున్నారు?"

ఖాంగ్ గారు అంత తృప్తిగా నవ్వడం దారి పొడవునా నేను చూడలేదు. కాలునూ పీతనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకున్నాడు.

"ఆ కాలు ఇటివ్వండి" అంది లువా.

"ఎందుకు? సాక్ష్యం మాయం చేయడానికా?"

"ఫోటో తీసుకున్నారుగా సార్."

ఆయన దాన్ని బల్ల మీదకు విసిరాడు. లువా తీసి నీళ్లతో కడిగి, చొక్కా అంచున తుడిచి, వేడినీళ్లలో ముంచింది. అది ఎర్రబడేదాకా అక్కడే నిలబడింది. లోపలికి తీసుకెళ్లి పళ్లెంలో పీత పక్కన చేర్చి చూసింది. సరిగ్గా అతికింది.

"మరిచిపోయాను అత్తా" అంది.

ముసలావిడ జరిగి చాప మీద ఆమెకు చోటిచ్చింది.