ఫిరంగి గుండులో కెమెరా

మా కెమెరా గురువుగారు పోయారు. కృష్ణానగర్‌లోని అద్దె గదిలో నిద్రలోనే పోయారట. సంతాపసభ మాత్రం ఫిల్మ్‌నగర్‌లో ఏసీ హాల్లో జరిగింది. నల్లకళ్లద్దాలు తియ్యని పెద్దమనుషులు మైకు కోసం తోసుకున్నారు. ఆయన పని కోసం తిరిగినన్నాళ్లూ ఫోనెత్తనివాళ్లే వాళ్లంతా. చివర్లో ఆయన ప్రతిభకు మచ్చుతునక అంటూ తెర మీద ఒక షాటు వేశారు. ఫిరంగి గుండు ముక్కు మీద మనమే కూర్చుని, కోట గోడ వైపు దూసుకెళ్తున్నట్టుండే షాటు. ఒకటే చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ షాటు ఆయన తీసింది కాదు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల సంగతి ఇది. ఆ షాటు కంప్యూటర్లో చేయిద్దామన్నాడు దర్శకుడు. గురువుగారు వినలేదు. షేక్‌పేట అవతల రాళ్లగుట్టల్లో, గాలి ఒత్తిడితో పేల్చే గొట్టం, దానికెదురుగా కోట గోడ సెట్టు నిలబెట్టించారు. గుండులో చిన్న ఫిల్ము కెమెరా అమర్చారు. పేలిన అదురుకే లోపల ఫిల్ము తెగేది, లెన్సు మరలు ఊడేవి. అవి నిలిచాయనుకుంటే గుండు గిరగిరా తిరిగి, బొమ్మలో భూమీ ఆకాశమూ పచ్చడైపోయేవి. ఆయన కెమెరాకి సైకిల్ ట్యూబు చుట్టారు, బరువును నడిమధ్యకు జరిపారు, గుండు తోకకి రేకు రెక్కలు పెట్టారు. "గుండు మన మొహం చూసి ఊరుకోదురా, గట్టిగా బిగించు" అనేవారు. నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పటికీ మర బిగిస్తుంటే ఆ మాటే వినిపిస్తుంది.

అంతా కుదిరిన రోజున ప్రొడక్షన్ మేనేజరు కొబ్బరికాయ కొట్టి, గుండుకి ఇంత బొట్టు పెట్టాడు. సరిగ్గా లెన్సు ముందరి అద్దం మీద! గొట్టం వెనక గాలి నింపుతున్న మేం చూడలేదు. ల్యాబు నుంచి వచ్చిన ఫిల్ము నిండా ఎరుపే.

"శుభమే కదండీ!" అన్నాడా మహానుభావుడు.

"శుభమేనండీ. రేపు మీ కళ్లజోడుకి పెట్టుకుని స్కూటర్ నడపండి" అన్నారు గురువుగారు.

మళ్లీ పేల్చాం. ఈసారి బొమ్మ వచ్చింది. తెర మీద అది చూస్తూ ఆయన చిన్నపిల్లాడిలా నా భుజం పట్టుకున్నారు. దర్శకుడు బబుల్‌గమ్ నములుతూ చూశాడు.

"రియల్‌గా లేదు సార్. గుండు ఇంత వణుకుతుందా?"

"ఇది వణికింది కదా బాబూ."

వినేదెవరు? మాదాపూర్ నుంచి కంప్యూటర్లో పడవలా మెత్తగా సాగే గుండొకటి చేయించుకొచ్చాడు. సభలో చప్పట్లు కొట్టింది దానికే. అసలుది కత్తిరించి పారేస్తే, గురువుగారు ఏరుకొచ్చి నా చేతిలో పెట్టారు. "జనం మధ్యలో కూర్చుని ఒక్కసారి చూసుకుందామనుకున్నానురా" అన్నారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సభ నుంచి వచ్చి ఆ ముక్క తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. గుట్టలు, గోడ, ఆకాశం. చివర్లో పైకి లేచిన గుండు ఎదురుగాలికి వెనక్కి మళ్లి మా మీదికే దిగుతోంది. మేమంతా తలో దిక్కు పరిగెడుతున్నాం. మేనేజరు చెప్పులు వదిలేసి మరీ పరిగెడుతున్నాడు. గురువుగారొక్కరే కదల్లేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తి, వస్తున్న కెమెరా వైపే చూస్తున్నారు.