మేనత్త చదివిన మరకలు

"...అంటే ఇప్పుడు మురికి చూసి పిల్లకి క్లబ్బు ఎంచాలంటారా వదినా? బయట ఎవరైనా వింటే నవ్విపోతారు!"

"నవ్వితే వాళ్ళ పళ్ళే బయటపడతాయి. ముందు నేను చెప్పేది విను మరదలా."

కోటు తీసుకెళ్దామని వచ్చిన బ్యాంకు గుమాస్తా లాండ్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. కౌంటరు మీద రెండు ఫుట్‌బాల్ జెర్సీలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. నీలం జెర్సీకి చంకల దగ్గర చెమట చారలు తప్ప మరకనేదే లేదు. పసుపు జెర్సీ అసలు రంగు తెలియాలంటే కాలరు ఎత్తి చూడాలి. వాటికి చెరోవైపు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ తగ్గేలా లేరు.

లోపలివైపు ఉన్నది లాండ్రీ యజమానురాలు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చుట్టుపక్కల నాలుగు వీధులకీ ఆమె లాండ్రీ అక్క. ఇవతల ఉన్నది ఆమె తమ్ముడి భార్య. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, మధ్యాహ్నం రెండింటి డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగింది. గొడవ ఈమె పదకొండేళ్ళ కూతురి గురించి. కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఆ పిల్లని ఇంట్లో మిడత అంటారు. ఊళ్ళో పోటీలకి వెళ్ళే ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులు రెండే. ఆ నెల జరిగిన ఎంపికల్లో రెండు క్లబ్బులూ మిడతని తీసుకుంటామన్నాయి. వచ్చే సోమవారం సాయంత్రంలోగా ఏదో ఒకదానికి సరేననాలి.

"నీలం వాళ్ళు మూడేళ్ళుగా కప్పు గెలుస్తున్నారు," అంది మరదలు.

"గెలుస్తారు. ఇద్దరో ముగ్గురో ఆడతారు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. రెండేళ్ళుగా ప్రతి సోమవారం పదహారేసి జతలు వస్తున్నాయి నాకు. ఒక్కదానికి మోకాలి దగ్గర గడ్డి మరక చూపించు. అవి ఆటకెళ్ళొచ్చిన బట్టలా, పెళ్ళికెళ్ళొచ్చిన బట్టలా?"

"మరి పసుపు వాళ్ళు?"

"నువ్వే చూడు. ఒక్కొక్కటీ అరకిలో మట్టి మోసుకొస్తుంది. ఆటంటే అదీ. నీ ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, ఒప్పుకుంటా. నా బట్టల్లో మనుషులు కనిపిస్తారు."

"మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు," అంటూ మరదలు సంచీ భుజాన వేసుకుంది. గుమ్మంలో గుమాస్తాని చూసి, "మీరైనా చెప్పండి," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

గుమాస్తా తన కోటు గురించి మాత్రం అడిగాడు.

బట్టల్లో మనుషులు కనిపిస్తారన్నది లాండ్రీ అక్క గొప్పకి అన్న మాట కాదు. పందొమ్మిదో ఏట ఒక హోటల్లో దుప్పట్ల గదిలో పనికి చేరింది. కిటికీ లేని ఆ గదిలో పన్నెండేళ్ళు మడతలు పెట్టింది. ఏ గదిలో పసిపిల్లలు దిగారో, ఏ గదిలో మనిషి పడుకోకుండా మంచం అంచున కూర్చుని ఉండిపోయాడో దుప్పటి దులిపేలోపు చెప్పేది. తర్వాత ఒక హాస్టల్ మూసేస్తుంటే రెండు పాత మెషిన్లు కొని ఈ కొట్టు పెట్టింది. ఇప్పుడు నాలుగున్నాయి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి పాడయ్యేదని తమ్ముడు ఏడిపిస్తాడు. నెత్తురు మరకకి చన్నీళ్ళు, గడ్డి మరకకి వేణ్ణీళ్ళు తగలకముందే వెనిగరు, బురదైతే పూర్తిగా ఎండాకే బ్రష్షు. ఇవన్నీ ఎక్కడైనా రాసిపెట్టమని ఎవరైనా అడిగితే, "రాస్తే కాగితం తడుస్తుంది" అనేది.

పసుపు క్లబ్బు మైదానం లాండ్రీ వెనక సందు చివరే ఉంది. వారానికి రెండు రోజులు సాధన, అదీ గంటన్నర. నీలం క్లబ్బుది ఊరికి అవతల. వారానికి నాలుగు రోజులు బడి నుంచే వ్యానులో తీసుకెళ్ళి, ఎనిమిదికి ఇంటి దగ్గర దింపుతారు. మిడతకి మూడేళ్ళప్పటి నుంచీ సాయంత్రాలు లాండ్రీలోనే గడుస్తున్నాయి. తల్లి డ్యూటీ పదింటిదాకా. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు, ఎనిమిదికి వచ్చి పిల్లని తీసుకెళ్తాడు. నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్ల మేనత్తది. నీలం క్లబ్బంటే వారంలో నాలుగు సాయంత్రాలు పోతాయి. ఆ లెక్క లాండ్రీ అక్కకి బాగా తెలుసు. మరకల గురించి మాట్లాడేటప్పుడు ఆ లెక్కని పక్కన పెట్టాననే అనుకుంది.

ఆ సాయంత్రం మిడత బడి సంచీ కౌంటరు కింద పడేసి, మడతల బల్ల ఎక్కి కూర్చుంది. వెచ్చగా ఉన్న డ్రయ్యర్ తలుపుకి రెండు పాదాలూ ఆనించింది. ఒడిలో పోసుకున్న మేజోళ్ళని జత కలుపుతూ బంతుల్లా చుట్టి బుట్టలోకి విసురుతోంది. ఒక్కటీ బయట పడలేదు.

"మీ అమ్మా నేనూ అరుచుకోవడం సరే. నీకెక్కడికి వెళ్ళాలనుందే?" అంది మేనత్త.

"ఎక్కడ ఎక్కువ ఆడిస్తే అక్కడికి."

"గెలవక్కర్లేదా?"

"ఆడితే కదత్తా గెలిచేది. కూర్చోడానికైతే ఇక్కడ బల్ల ఉందిగా."

ఎనిమిదింటికి తమ్ముడు వచ్చాడు. యూనిఫాం చొక్కా పై గుండీ తీసి స్టూలు మీద కూలబడ్డాడు. అతని పరిస్థితి వారం రోజులుగా అడకత్తెరలో పోకచెక్కలా ఉంది.

"అక్కా, నువ్వు ఏదంటే అదే. ఆవిడకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు.

"ఎప్పుడైనా చెప్పి బతికి బట్టకట్టావా నువ్వు?"

"లేదనుకో. కానీ నువ్వు ఊ అంటే సరే."

అంటే నిర్ణయం తన చేతిలోనే ఉంది. లాండ్రీ అక్కకి అది కొత్తేమీ కాదు. ఆ ఇంట్లో ఫ్రిజ్ రంగు దగ్గర్నుంచి మిడత బడి దాకా అన్నీ ఈ కౌంటరు దగ్గరే తేలాయి.

ఆదివారం నీలం క్లబ్బు వాళ్ళు కొత్తగా ఎంపికైన పిల్లల కుటుంబాలని మ్యాచ్ చూడటానికి పిలిచారు. లాండ్రీ అక్క జీవితంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటం అదే మొదటిసారి. జెర్సీలతో రెండేళ్ళ పరిచయం ఉన్నా, వాటి లోపలి పిల్లలని చూడలేదు. మొదటి వరసలో కూర్చుంది. పక్కన మరదలు, ఆ పక్కన తమ్ముడు. మిడత కంచె పట్టుకుని నిలబడింది.

మైదానం ఎక్కడా గుంట లేకుండా, ఇస్త్రీ చేసినట్టు పచ్చగా ఉంది. ఆట మొదలైన కాసేపటికి నీలం జట్టులో పధ్నాలుగో నంబరు పిల్ల, బక్కపల్చనిది, బంతి కోసం పక్కకి పడి రెండు గజాలు జారింది. లాండ్రీ అక్క నోట్లోంచి అప్రయత్నంగా, "వెనిగరు," అనే మాట వచ్చింది. పిల్ల లేచింది. జెర్సీ మీద మరక లేదు. ఇంకాసేపటికి మూడో నంబరు పడింది, తర్వాత తొమ్మిది, మళ్ళీ పధ్నాలుగు. అందరూ పడుతున్నారు, లేస్తున్నారు. పెట్టెలోంచి తీసినట్టే ఉన్నారు.

ఆమె లేచి, కంచె దాటి గీత పక్కన వంగి గడ్డి మీద చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్. అరచేయి తిప్పి చూసుకుంటే ఆవగింజలంత నల్ల రబ్బరు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

ఆ ముక్కలు ఆమెకి కొత్త కాదు. రెండేళ్ళుగా, నీలం క్లబ్బు బట్టలు ఉతికే మూడో నంబరు మెషిన్ ఫిల్టర్లో పిడికెడేసి దొరుకుతున్నాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు రింగు అరిగిపోతోందని మెకానిక్‌ని తిట్టి, రెండుసార్లు రింగు మార్పించింది. రెండోసారి అతను, "అక్కా, రింగు నిక్షేపంలా ఉంది," అన్నాడు. "నాకు చెప్తావా?" అంది. అతను మార్చి వెళ్ళాడు.

వచ్చి తన చోట కూర్చుంది.

"ఏంటి వదినా, మట్టి దొరకలేదా?" అంది మరదలు, ముందుకి చూస్తూనే.

"ఇది గడ్డి కాదు."

"ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళిచ్చిన కాగితంలో మొదటి పేజీలోనే ఉంది. మీరు కాగితాలు చదవరుగా."

తమ్ముడు మ్యాచ్ మీద విపరీతమైన శ్రద్ధ చూపించాడు.

"సరే, ఆడుతున్నారు," అంది లాండ్రీ అక్క. "చుట్టాలు వచ్చిన రోజు ఎవరింట్లోనైనా దుప్పట్లు శుభ్రంగానే ఉంటాయి. అందర్నీ ఆడిస్తున్నారంటే మనం చూస్తున్నామని. నిన్న శనివారం ఓడితే ఇంటికే అన్న మ్యాచ్ జరిగిందట కదా? దాంట్లో ఎవర్ని దింపారో ఎవరికి తెలుసు?"

"అది మీ బట్టల్నే అడగండి," అంది మరదలు. ఎగతాళికే అన్నా, లాండ్రీ అక్క మాత్రం తల ఊపింది.

సోమవారం పొద్దున్న నీలం క్లబ్బు నుంచి ఈసారి రెండు మూటలు వచ్చాయి, శనివారంది ఒకటి, ఆదివారంది ఒకటి. ఒక్కో పిల్ల బట్టలు ఒక్కో వల సంచీలో, నంబరు చీటీతో. ఆమె ఆదివారం మూట పక్కకి నెట్టింది. మడతల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, శనివారం మూటలోంచి ఒకటో నంబరు సంచీ విప్పింది. మేజోళ్ళు తిరగేసి దులిపింది. నల్ల గింజలు రాలాయి. రెండు. మూడు. తొమ్మిదో నంబరు దాటాక నెమ్మదించింది. ఈ వయసు పిల్లల ఆటలో మైదానంలోకి ఒకసారి తొమ్మిది మందే దిగుతారని నిన్ననే తెలిసింది. పదో నంబరు మేజోళ్ళలోంచి కూడా గింజలు రాలాయి. పదకొండు, పన్నెండు, పదమూడు. పధ్నాలుగో నంబరు నుంచి రాలినవి దోసిట్లో పట్టేన్ని. పదిహేనో నంబరు సంచీలో బట్టలు తను పోయినవారం పెట్టిన మడత మడతే ఉన్నాయి. సంచీకి, "జ్వరం, రాలేదు" అన్న చీటీ ఉంది. పదహారు కూడా దులిపింది. రాలాయి.

ఓడితే ఇంటికే అన్న రోజున, వచ్చిన పదిహేను మందీ మైదానంలోకి దిగారు.

పసుపు క్లబ్బు బట్టలు ఎప్పుడూ ఒకే కుప్పగా వస్తాయి. అన్నీ బురదే కాబట్టి ఆరాక కుప్పగానే దులిపి, కుప్పగానే నానబెట్టేది. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటీ విడదీసి, నంబర్ల వరసలో నేల మీద పరిచింది. తొమ్మిది జతలకి మోకాళ్ళ మీద, మోచేతుల దగ్గర, ఛాతీ మీద మట్టి. పదో నంబరు నుంచి పధ్నాలుగు దాకా ఐదు జతలకి నిక్కర్ల వెనక వైపు మాత్రం ఉంది, గుండ్రంగా, దట్టంగా. తడి గట్టు మీద ఎక్కువసేపు కూర్చుంటే అంటుకునే మట్టి అది. చొక్కాలు శుభ్రంగా ఉన్నాయి.

ఆమె ఆ ఐదింటినీ ఒక పక్కకి తీసి పెట్టింది. తర్వాత మళ్ళీ కలిపేసింది. ఎవరూ చూడలేదు. చూసినా ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఆ అక్షరాలు ఆ ఊళ్ళో చదవగలిగేది తనొక్కతే. ఇంకో గంటలో అన్నీ మెషిన్లో తిరుగుతుంటాయి. తమ్ముడు ఏదంటే అదే అన్నాడు. మిడత నాలుగింటికి వస్తుంది, డ్రయ్యర్‌కి కాళ్ళు ఆనిస్తుంది.

తెల్ల దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని నల్ల గింజలని ఒక గాజు సీసాలో పోసింది. మెకానిక్‌కి ఫోన్ చేసి, "ఆ రింగు బాగానే ఉండేది. తప్పు నాది," అంది.

"ఏ రింగక్కా?" అన్నాడతను.

"నీకు గుర్తు లేకపోతే ఇంకా మంచిది," అని పెట్టేసింది.

ఆ రోజు మరదలికి సెలవు. తమ్ముడు బస్సు ఇంకొకరికి అప్పగించి ఐదున్నరకే వచ్చాడు. నలుగురూ మడతల బల్ల చుట్టూ చేరారు. మిడత ఎప్పటిలా బల్ల మీదే ఉంది.

"కోచ్‌లిద్దరూ చెరో రెండుసార్లు ఫోన్ చేశారు," అన్నాడు తమ్ముడు. "నీలం వాళ్ళవి రెండు వ్యాన్లు వస్తాయట, ఒకదాని తర్వాత ఒకటి. మూడు నలభైకి బడి గేటు దగ్గర, నాలుగుంపావుకి మన వీధి మలుపులో. మలుపులో ఎక్కితే మొదటి అరగంట సాధన పోతుందన్నాడు. కానీ కాసేపు నీ దగ్గర కూర్చుని వెళ్ళొచ్చు. అదీ నీలం అయితేనే అనుకో."

మరదలు వదిన వైపు చూసింది.

లాండ్రీ అక్క గాజు సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. శనివారం మూట సంగతి, ఐదు నిక్కర్ల సంగతి వరసగా చెప్పింది, ఏ మరకకి ఏది పూయాలో చెప్పే గొంతుతోనే.

"అంటే నేను చెప్పిందే..." అని మరదలు మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పింది కప్పుల గురించి. నేను చెప్పేది మేజోళ్ళ గురించి. రెండూ ఒకటి కావు. నేను తప్పు చదివాను, అది వేరే సంగతి."

"వదిన తప్పు ఒప్పుకుంది. గోడ మీద తారీఖు రాయండి ఎవరైనా," అంది మరదలు.

మిడత సీసా ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకుని గలగలలాడించింది. "ఇంతసేపు ఆడతారా అత్తా?"

లాండ్రీ అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"నీలం కోచ్‌కి ఫోన్ చెయ్యి. రేపట్నుంచే వస్తుందని చెప్పు. వ్యాను బడి గేటు దగ్గరే ఎక్కుతుంది."