మేడ మీద అమ్మాయికి దొరికిన పుస్తకాలు

చిక్కడపల్లిలో మన మేడ మీద గది ఉంది చూడు, పోయినేడు అందులో అద్దెకున్న అమ్మాయి సంగతి చెబుతాను, రాసుకో. సర్కారు ఉద్యోగాల పరీక్షకి చదువుకోవడానికి పల్లెటూరి నుంచి వచ్చింది. డిగ్రీ దాకా తెలుగులోనే చదివింది, ఈ పరీక్షా తెలుగులోనే రాయాలి. పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని అశోక్‌నగర్ గ్రంథాలయానికి పరుగెత్తేది, ఆలస్యమైతే కుర్చీ దొరకదని. కుర్చీలో సంచీ పెట్టేసి టీకి వెళ్ళేవాళ్ళంటే దానికి ఒళ్ళుమంట.

ఒకరోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చి మన మెట్ల మీద కూర్చుంది. ఊళ్ళో వాళ్ళమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుందట. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. పరీక్షేమో దగ్గరకొచ్చేసింది.

"పోతే చదువు ఆగుతది, పోకుంటే అమ్మకు ఎవరున్నరు? గ్రంథాలయంల పెద్ద పుస్తకాలు అక్కడ్నే చదవాలె, ఇంటికియ్యరు అమ్మమ్మా," అంది.

ఫోన్‌లో వెతకలేదా అని అడిగాను. వెతికిందట. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఏవేవో వస్తాయట. పైన ఉచితం అని ఉంటుంది, లోపలికెళ్తే ఫోన్ నంబరు అడుగుతుంది. ఒకసారి ఇచ్చిన పాపానికి కోచింగ్ వాళ్ళు రోజూ ఫోన్లు చేసి పరేషాన్ చేస్తున్నారట.

నాకు అక్షరాలు నొక్కడం ఎక్కడొచ్చు? మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం నువ్వు నేర్పావుగా, దాని ఫోన్ తీసుకుని అదే చేశాను. "నాయనా, మా మేడ మీద ఓ పిల్ల ఉంది, పాపం వాళ్ళమ్మకి కాలు విరిగింది, దీనికి పుస్తకాలు కావాలి" అని మొత్తం చెప్పాను. హైదర్‌గూడలో ఎముకల డాక్టర్లందరి పేర్లూ ఫోన్‌లో వరసగా వచ్చాయి. అంత దిగుల్లోనూ అది నవ్వింది. పుస్తకం ముచ్చట ఒక్కటే చెప్పమంది.

ఈసారి తెలుగులో డిగ్రీ ఆర్థికశాస్త్రం కావాలి, ఊరికే చదువుకునేది, అన్నాను. తెలుగులో అడిగితే తెలుగులోనే పలికింది. ప్రభుత్వం వాళ్ళు పెట్టిన బడి పుస్తకాలు, దూరవిద్య పాఠాలు, నిఘంటువు, ఓ పెద్ద విజ్ఞాన సర్వస్వం. నంబరు అడగలేదు. ఆ పిల్ల ఒక్కొక్కటే తెరిచి, విషయసూచిక మీద వేలు జరుపుకుంటూ పోయి, గ్రంథాలయంలో తను చదివే పాఠాలే ఇవి అంది. వాళ్ళ ఊళ్ళో నెట్ సరిగ్గా రాదు, అందుకని అన్నీ ఇప్పుడే ఫోన్‌లోకి దింపుకుంటానంది.

నేను ఒప్పుకోలేదు. "అన్నీ నువ్వే పట్టుకుపోతే ఎలాగే? రేపు ఇంకో పిల్ల వచ్చి వెతుక్కుంటే? రెండు తీసుకో, అవి ఇచ్చేశాక ఇంకో రెండు," అన్నాను. నారాయణగూడలో నేను పుస్తకాలు తెచ్చుకునే చోట అదే పద్ధతి మరి.

అది నా చెయ్యి పట్టుకుంది. "ఎంతమంది తీస్కున్నా అవి అక్కడ్నే ఉంటయి, అమ్మమ్మా."

అయితే ఇంకేం, కానివ్వమన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

ఊరెళ్ళాక ఫోన్ చేసింది. అమ్మ మంచం పక్కన కూర్చుని పైకే చదువుతోందట. వాళ్ళమ్మ ఫోన్ అందుకుంది. "పన్నులు ఎందుకేస్తరో నాకు గూడ సమజైతున్నదమ్మా. మీరన్న చెప్పుండ్రి, జర టైముకు తినుమని. నా మాట ఇంటలేదు," అంది.

వేళకి తినమని దాన్ని గట్టిగానే కోప్పడ్డాను. ఇప్పుడేం చదువుతున్నావని అడిగితే, బ్యాంకుల పాఠం, ఇంకా నాలుగు పేజీలున్నాయంది.

సరే, అవి అవగొట్టేసి తినమన్నాను.