చెరపబుద్ధి కాని పాట

దుబాయ్‌లో చెల్లెలింటికి వెళ్లినప్పుడు నైఫ్ అనే పాత బజారులో ఒక టేప్‌రికార్డర్ల రిపేరు దుకాణం వెతుక్కుంటూ పోయాను. ఎప్పుడో మూతపడ్డ ఓ చిన్న అమెరికన్ కంపెనీ రిథమ్ అండ్ బ్లూస్ పాటల క్యాసెట్ అక్కడుందని విన్నాను. అందులోని గాయని కోసం నేను వెతకని చోటు లేదు.

దుకాణం రాజయ్యది, జగిత్యాల వైపు పెద్దమనిషి. క్యాసెట్ చూడగానే నాకు ఒళ్లు మండింది. ఎవరూ మళ్లీ రికార్డు చేయకుండా కంపెనీ వదిలిన కన్నానికి కాగితం అంటించి ఉంది.

"ఇంత మంచి పాటల మీద రికార్డు చేశారా అన్నా? ఖాళీ క్యాసెట్లే దొరకలేదా?"

"అమ్ముడువోని పాటలయే సస్తగ దొరుకుతుండె మేడమ్. మా మాటలు నింపి ఇంటికి పంపేటోళ్లం. జవాబుకు ఇంకోటి జతవెట్టేటోళ్లం. ఇది మా ఇంటామె జవాబు."

నేను ఇంకా ఆయన్ని దులుపుతుండగానే మీట నొక్కాడు. మొదటి పాట పూర్తిగా వచ్చింది. తర్వాత ఒక ఆడగొంతు: "ఇగో, ఈమె పాట మంచిగున్నది. సమజ్ కాలే గని ఏడుపొచ్చింది. చెరపబుద్ధి కాలే. నా ముచ్చట దీని ఎనక చెప్తున్న."

ఫోన్‌లోకి ఎక్కించుకోనిమ్మని బతిమాలాను. సరేనన్నాడు గానీ, పాట అయిపోగానే ఆపేశాడు.

"ఆవిడ మాటలూ కావాలన్నా. పాట మిగిలిందే ఆవిడ వల్ల!"

"పాట తీస్కపో మేడమ్. ముచ్చట నాకు చెప్పింది."

చెల్లెలింటికొచ్చి విన్నాను. ఆయన మీట నొక్కేలోపు చివర ఒక్క "ఇగో" పడింది. నాకూ చెరపబుద్ధి కాలేదు.