మనుమరాలి కాలికి బాల్ ఆగిన నెల

నా మనుమరాలికి పదకొండేండ్లు. ఆ రోజు బడి నుంచి వచ్చి, బూట్లు ఇప్పకుండనే గోడకు ఒరిగి కూసున్నది. వాళ్ళ అవ్వ, అంటే నా భార్య, మిల్లు చీరలకు వేలాడే పోగులు కత్తిరించే పనిల ఉండె. తల ఎత్తకుండనే అడిగింది.

"ఎవలు కొట్టిండ్రు?"

"ఎవ్వలు కొట్టలే. సర్ నన్ను టీమ్‌ల తీస్కోడంట."

"ఎందుకంట?"

"నా కాలి దగ్గర బాల్ ఆగుతలేదంట. నేను తంతనంట, అది పోతదంట, నేను దాని ఎన్క ఉరుకుతనంట. నెల టైమ్ ఇచ్చిండు. గప్పటికి రాకపోతే కామ్‌రేజ్ మ్యాచులకు తీస్కపోనన్నడు."

సర్ అంటే వాళ్ళ బడిల ఫుట్‌బాల్ నేర్పే పిలగాడు, పాతికేండ్లుంటయి. మా పోరి రెండేండ్ల నుంచి ఆ ఒక్క ఆటనే పట్టుకున్నది. డాన్స్ వద్దన్నది, ట్యూషన్ వద్దన్నది. కామ్‌రేజ్ అంటే మా పక్క ఊరు, అక్కడ నాలుగు బడుల ఆడపిల్లలు ఆడుతరు, అండ్ల తను ఉండాలె. గంతే ఆమె కోరిక. వేరే ఏదీ అడగదు, కొత్త బట్టలు గూడ అడగదు.

కొడుకు, కోడలు తెల్లారకముందే బస్సెక్కి సచిన్ అనే ఊర్ల మిల్లుకు పోతరు, పొద్దుగుంకినంక వస్తరు. ఇంట్ల ఖాళీగ ఉన్నది నేనొక్కన్నే. ఫుట్‌బాల్ అంటే నాకేమీ ఎరుకలేదు. నిజం చెప్తున్న, ఇప్పటికీ ఆ ఆట చూస్తే నాకు నిద్రొస్తది. ఆమె ఆడితేనే రాదు.

మర్నాడు గ్రౌండుకు పోయి ఓ మూల కూసున్న. సర్ చెప్పింది సాఫ్ నిజం. పోరి బాల్‌ను ఒక్క తన్ను తంతది, అది పది గజాలు పోతది, అక్కడ ఇంకో పిల్ల కాలు అడ్డం పెడ్తది. ఆ తప్పు నాకు పాత చుట్టం లెక్క కనబడ్డది. నేను నలభై ఏండ్లు సాంచెలు నడిపిన. మరమగ్గాలను మేము సాంచెలంటం. ఒక్క మనిషి ఎనిమిది సాంచెలు చూసుకోవాలె. కొత్తగ వచ్చినోడు ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఉరుకుతడు, పగటీలికి కూలబడ్తడు. పాతోడు ఉరకడు. చిన్న అడుగులేస్తడు, పని తన చేతికి అందేటంత దూరంలనే పెట్టుకుంటడు. ఈ పోరికి కావల్సింది గదే అనుకున్న.

మా పాత కారఖానాకు పోయి, దారం అయిపోయినంక పారేసే కాగితం కోన్లు పన్నెండు తెచ్చిన. డాబా మీద వరుసగ నిలబెట్టిన. గాలికి ఎగిరిపోతుంటే ఒక్కొక్కదాని లోపల రాయి పెట్టిన. పొద్దుగాల బడికి పోయేముందు గంట సేపు, వాటి నడుమ నుంచి బాల్ నడపాలె.

"తన్నకు," అన్న. "తాకు."

"ఎంత మెల్లగ?"

"నిద్రపోతున్న పసిపిల్లను పక్కకు జరిపినట్టు."

కాలి లోపలి పక్కతోని ఒకసారి, బయటి పక్కతోని ఒకసారి, అరికాలుతోని ఎన్కకు గుంజుడు. ఈ మూడు గ్రౌండుల సర్ చెప్తుంటే చూసి నేర్చుకున్న. నేను కలిపిందల్లా చప్పట్లు. టక్ టక్ టక్ టక్, సాంచె కొట్టినట్టు, ఒక్క చప్పట్కు ఒక్క తాకుడు. మొదటి రెండు రోజులు బాల్ పిట్టగోడ దుంకి సందుల పడ్డది. నేను మెట్లు దిగి తెచ్చుడు, మల్ల ఎక్కుడు. మూడో రోజుకు చప్పట్ల మీద కాలు కుదిరింది. కింద ఇంటి గుజరాతీ ఆమె పైకొచ్చి, ఇంట్ల సాంచెలు పెట్టిండ్రా అని అడిగింది. నాకది పెద్ద మెచ్చుకోలు లెక్కనే అనిపించింది.

ఇంకో తిప్పలున్నది. పోరి తల ఎత్తదు, బాల్‌నే చూస్తది. దానికి నేనొక ఉపాయం చేసిన. నాకు అక్షరాలు అరవై దాటినంక వచ్చినయి. నేర్పింది నా భార్యనే, ఆమె ఐదో తరగతి దాక చదివింది. మేము బతకొచ్చిన ఈ ఊర్ల పోరి చదివేది గుజరాతీల, తెలుగు రాసుడు రాదు. పలక మీద ఒక అక్షరం రాసి పైకెత్తి పట్టుకుంటె, బాల్ ఆపకుండనే తల ఎత్తి అదేందో చెప్పాలె.

"ఏంది గిది?"

"వ."

"కాదు, మ."

"నువ్వు రాస్తే రెండూ ఒక్కతీర్గనే ఉంటయి తాతా."

బట్టలు ఆరేస్తున్న మా ముసలిది ఎన్క నుంచి అన్నది: "నేను నేర్పినప్పుడు గిట్ల లేవు. ఈయన చేతిల పడి చెడిపోయినయి."

ఇరవై రోజులు గడిచినయి. పోరి పన్నెండు కోన్ల నడుమ పాము లెక్క పోతున్నది, ఒక్క కోను కదలదు, తల పైననే ఉంటది, సగం అక్షరాలు గూడ వచ్చినయి. నేను ఛాతి ఇరుచుకొని గ్రౌండుకు పోయిన. సర్ కోన్లు పెట్టి నడిపించిండు. అందరికన్న మా పోరిదే బాగున్నది. మిగిలిన పిల్లలు గూడ ఆగి చూసిండ్రు.

తర్వాత రెండు జట్లు చేసి ఆడించిండు. అప్పుడు చూడాలె నా మొహం. పోరి బాల్ తీస్కోని వస్తది, ఎదురుగ పిల్ల ఒక్క అడుగు ముందుకేస్తది, బాల్ గుంజుకుంటది. మల్ల వస్తది, మల్ల గుంజుకుంటరు. ఆరు సార్లు గట్లనే అయింది. చిన్న పిల్ల, పొట్టిది, అది గూడ గుంజుకున్నది.

సర్ నా దగ్గరికొచ్చి హిందీల అడిగిండు. "కాకా, ఇంట్ల నేర్పిస్తున్నది మీరేనా?"

"నేనే."

"కోన్లకు కాళ్ళుండవు కాకా. పిల్లలకుంటయి. ఈమె ఒక్కటే తాళం మీద వస్తున్నది. మూడు తాకుడ్లు చూస్తే నాలుగోది ఎప్పుడొస్తదో నాకే తెలుస్తున్నది. వాళ్ళకు తెల్వదా?"

తప్పు పోరిది కాదు, నాది. సాంచె ఒక్కతీరుగ కొడ్తేనే మంచి బట్ట వస్తది, తాళం తప్పిందంటే ఏదో ఇరిగిందని ఆపేస్తం. నలభై ఏండ్లు ఆ చప్పుడే ఇన్న చెవులు నావి. గదే మంచిదని పోరి కాళ్ళల్ల పెట్టిన. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నయి.

దారిల పోరి అడిగింది. "ఇగ నన్ను తీస్కోడా తాతా?"

"గిట్లనే ఆడితే తీస్కోడు," అన్న. అబద్ధం ఆడి ఏం లాభం. "రేపటి సంది తాళం తప్పుదాం."

తప్పుదామంటే వస్తదా. మర్నాడు ఓసారి తొందరగ, ఓసారి ఆగి చప్పట్లు కొట్టాలని చూసిన. నాలుగు కొట్టంగనే చేతులు వాటంతట అవే పాత దారి పట్టినయి. చేతులు ఎన్క పెట్టుకొని నేనే అడ్డం నిలబడ్డ. పోరి నన్ను కండ్లు మూసుకొని దాటిపోయింది. నేను గూడ తాళం మీదనే కాలేస్తనాయె.

మా ముసలిది చీపురు పట్టుకొని వచ్చింది. "నువ్వు జరుగయ్య. నువ్వు మిషన్‌వి."

ఆమెకు మోకాళ్ళు వంగవు. అందుకనే ఉరకకుండ, రెండు కోన్ల నడుమ నిలబడి, చీపురుతోని బాల్ నూకుడు మొదలుపెట్టింది. నా పెండ్లాం ఎప్పుడేం చేస్తదో నాకే ఎరుకలేదు, ఆ పోరికేం తెలుస్తది. "నీ జడ ఊడింది బిడ్డా" అంటది, పోరి జడ తడుముకుంటది, చీపురు వచ్చి బాల్‌ను నూకుతది.

"అవ్వా, ఇది ఫౌల్."

"నాకు ఫౌల్ గీల్ తెల్వదు. అక్కడ ఆ పొట్టి పిల్ల నీ జడను చూస్తదా?"

"చీపురు పట్టుకొని ఎవ్వలు రారు అవ్వా."

"కాళ్ళతోని వస్తరు. చీపురే నయం."

మూడు రోజులు పోరి ఓడిపోయింది. నాలుగో రోజు బాల్ మీద అరికాలు పెట్టి ఆగింది. వాళ్ళవ్వ చీపురు ముందుకు చాపేదాక కదలలే. చీపురు నేలను తాకంగనే బయటి పక్కతోని అటు జరిపి దాటిపోయింది. ముసలిది చీపురు కింద పారేసి నవ్వుకుంట గోడకు ఒరిగింది.

"మల్ల," అన్నది పోరి.

తర్వాతి రోజులల్ల ఆమె ఆగేది ఎప్పుడో, కదిలేది ఎప్పుడో నాకు అంతుపట్టలే. చూస్తుంటే నాకు చేతులు దురద పెట్టినయి, ఎక్కడో ఏదో తెగినట్టు, పోయి ఆపాలన్నట్టు. ఆపలే. ఎన్కకు తిరిగి బట్టలు మడతపెట్టుకుంట కూసున్న.

సర్ ఎంచుకునే రోజు మా ముసలిది గూడ గ్రౌండుకు వచ్చింది. నలుగురికి నలుగురు ఆడిండ్రు. మొదట రెండు సార్లు పోరి బాల్ పోగొట్టుకున్నది. కాళ్ళు పాత తాళంల పడ్డయి, నాకు చూడంగనే తెలిసింది. ఇగ నేను చెయ్యగలిగింది ఏం లేదు.

మూడోసారి బాల్ దొరికినప్పుడు ఆ పొట్టి పిల్ల ఎదురొచ్చింది. మా పోరి మూడు తాకుడ్లు సరిసమానంగ తాకింది. నాలుగోది తాకలే, అరికాలు పెట్టి ఆగింది. పొట్టి పిల్ల కాలు ఖాళీ జాగల పడ్డది. మా పోరి ఆమె పక్క నుంచి పోయింది, ఇంకో పిల్ల అడ్డమొచ్చింది, ఆమె ముందు అసలు ఆగనే లేదు, గబుక్కున పోయింది. తల ఎత్తి చూసి, ఖాళీగ ఉన్న తన జట్టు పిల్లకు బాల్ ఇచ్చింది. ఆ పిల్ల గోల్ కొట్టింది.

సర్ కాగితం తీసి పేర్లు చదివిండు. మా పోరిది చివరికి వచ్చింది.

పోరి మా దగ్గరికొచ్చి సీసా ఎత్తి నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నది.

"ఎడమ పక్కన ఆడాలంట. నాకు ఎడమ కాలు ఇంకా రాదు. సోమవారం సంది పొద్దుగాల ఆరు గంటలకు రమ్మన్నడు, రోజూ."

"ఆరు గంటలకు ఎట్ల పోతవు?" అన్న.

"నువ్వు తీస్కపోతవు."

మా ముసలిది లేచి చీర దులుపుకున్నది. "ఐదుకే లేపుత," అన్నది, నా దిక్కు చూసుకుంట. "ఇద్దర్ని."