పడని గోలీ పేరు

మా అత్తకు డాక్టర్లంటే భయమూ లేదు, నమ్మకమూ లేదు. చేదుగా ఉంటేనే మందు, నొప్పి పెడితేనే సూది అని ఆమె లెక్క. నేను పానగల్ దగ్గరి ఊళ్లో, గొర్రెలున్న ఆ ఇంటికి కొత్త కోడలిని. ఏడో తరగతి చదివానని కాస్త పొగరు ఉండేది, కాదనను.

ఆ ఏడు అత్తకు మూత్రంలో మంటపుట్టి జ్వరం వస్తే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. సల్ఫా గోలీలు ఇచ్చారు. ఆరో రోజుకు ఒళ్లంతా ఎర్రటి దద్దులు. మామ చూసి చెప్పులు విడిచి, "తల్లి పోసింది" అన్నాడు. ఇక చెప్పేదేముంది, గడపకు వేప మండలు, కూరలో పోపు బంద్. తల్లి ఒంటిమీద ఉండగా మందు మింగకూడదని గోలీలూ బంద్. నాలుగు రోజుల్లో దద్దులు పోయాయి. తల్లి చల్లగా చూసిందని అందరం దండం పెట్టాం, నేను కూడా. మిగిలిన గోలీలను అత్త గుడ్డలో మూటగట్టి దాచుకుంది.

మరుసటి ఏడు మళ్లీ మంట. దవాఖానకు పోదామంటే, "ఇంట్లనే ఉన్నయి గద పిల్లా" అని పొద్దున్నే ఒకటి మింగింది. నేను రొట్టెలు చేసి లేవకముందే ఆమె పెదవులు ఉబ్బాయి, ఒళ్లు ఎర్రబడింది, ఊపిరాడక రొప్పుతోంది. మామ అప్పటికే వేప మండల కోసం బయలుదేరాడు.

నాకు ఒళ్లు మండింది. "గా తల్లి గీ గోలీ మింగినప్పుడే వస్తదా మామా? బండి కట్టుమనుర్రి!" అని అరిచాను. మామ ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. మా ఆయన ఎడ్లను కట్టాడు. దారి పొడుగునా అత్త చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు సూది ఇచ్చాడు. ఆమె ఊపిరి కుదుటపడ్డాక, వెంట తెచ్చిన గోలీల మూట విప్పి చూపించి, పోయినేటి సంగతి కూడా చెప్పాను.

"అప్పుడు వచ్చింది కూడా అమ్మవారు కాదు, ఈ మందే. ఈమెకు ఇది పడదు. ఇంకోసారి మింగితే దక్కదు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఈ మాట చెప్పండి" అని చెప్పి, మందు పేరు కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం అత్త బొడ్డుసంచిలో వక్కలతో కలిసి వారానికే పిప్పయింది. "నీకు సదువొస్తది. నువ్వు లేని కాడ నా గతేంది?" అంది. పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్లోకి రాగానే, నాచేత బొగ్గుతో 'సల్ఫా పడదు' అని ముంజేతి మీద రాయించి పొడిపించుకుంది. అదీ పెళ్లైన కొత్తలో పొడిపించుకున్న మామ పేరు కిందనే.

"నా పేరు కింద గదేం రాయించినవే?" అని మామ గునిశాడు.

"నాకు పడనోళ్ల పేర్లన్నీ ఒక్క కాడ ఉండాలె గద" అంది అత్త. మామ కూడా నవ్వాడు.

కొన్నేళ్లకు ఆమె భువనగిరిలో కూతురింటికి పోయి జ్వరంతో పడింది. నేను అక్కడ లేను, ఆడబిడ్డకు చదువు రాదు. డాక్టరు చీటీ రాసి ఇవ్వబోతే అత్త అందుకోకుండా చెయ్యి చాపి, "సారూ, ముందుగాల గిది సదువు" అందట. ఆయన చదివి, చీటీలోని మొదటి మందునే కొట్టేశాడట.

ఆడబిడ్డ వచ్చి ఇది నవ్వుతూ చెప్పింది. నేను లోపలికి పోయి, సంతోషం పట్టలేక ఏడ్చాను.