తెరిపించిన కళ్లు

ఈ పొద్దున మా మనవరాలు ఫోన్ నా ముఖం ముందు పెట్టి చూడమంటే, ఎప్పుడో పోయిన మా అమ్మ అందులో రెప్పలు కొట్టి, మెల్లగా తల తిప్పి, పళ్లన్నీ కనబడేలా నవ్వి, ఎవరిదో గొంతుతో నన్ను బిడ్డా అని పిలిచింది. నా చేతిలో చాయ్ చీర మీద ఒలికింది. ఒక్క ఫోటో ఉంటే చాలు అమ్మమ్మా, ఇట్టే అయిపోతుందని ఆ పిల్ల ఒకటే మురిసిపోతోంది గానీ, నాకు మాత్రం కేతేపల్లిలో మా ఇంటి గోడ గుర్తుకొచ్చింది.

మా బాపు, అదే మా నాన్న, బతికున్నన్నాళ్లూ ఫోటో దిగలేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనే మాట ఆ రోజుల్లో మా వైపు ఎంతగా పాతుకుపోయిందో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అంత జాగ్రత్తపడ్డ మనిషి కూడా పంతొమ్మిది వందల ఎనభైల్లో ఒక ఎండాకాలం వడదెబ్బకు పోయాడు. అప్పుడు హడావిడిగా నకిరేకల్ నుంచి ఫోటోలు తీసే ఆయనను పిలిపించి, బాపును కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, మూసిన కళ్లతోనే ఫోటో తీయించారు. మనలో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్ల ఫోటోలు అట్లాంటివే కదా. అమ్మ రోజూ దాన్ని కొంగుతో తుడిచి, దాని కిందే కూర్చుని బియ్యం ఏరుకుంటూ, వానల సంగతీ బర్రె సంగతీ బాపుకు చెప్పుకునేది.

తొంభైల చివర్లో నల్లగొండలో కంప్యూటర్ ఉన్న స్టూడియో ఒకటి వెలిసింది. మూసిన కళ్లు కూడా అక్కడ తెరిపిస్తారని ఎవరో చెబితే, అమ్మ సంతోషిస్తుందని మా తమ్ముడు ఆ ఫోటో పట్టుకుని బస్సెక్కాడు. తిరిగొచ్చిన బాపు వెనక నీలాకాశం ఉంది, ఒంటి మీద కొత్త చొక్కా ఉంది, కళ్లు విప్పార్చి మమ్మల్నే చూస్తున్నాడు. మేం నోళ్లు వెళ్లబెట్టాం, వాడకట్టంతా వచ్చి చూసింది. అమ్మ మాత్రం చూసీ చూడగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని, పరాయి మగవాడు ఇంట్లోకొచ్చినట్టు తలుపు చాటుకు పోయింది.

"గీయన మీ బాపు గాదు బిడ్డా, గివి ఎవరి కండ్లో," అని నా చెయ్యి పట్టుకుంది. "గిది గోడకుంటే నేను ఆయన కండ్లు మర్చిపోత. తీసెయ్యుండ్రి."

తమ్ముడి ముఖం మాడిపోయింది. ఇంత మంచి ఫోటోకు ఈ వంకలేమిటని మేమంతా విసుక్కున్నాం. చివరికి కొత్త ఫోటో అటకెక్కింది, కళ్లు మూసుకున్న బాపే మళ్లీ గోడకెక్కాడు, అమ్మ మళ్లీ నెత్తి మీది కొంగు దించుకుని ఆయన కింద కూర్చుని బియ్యం ఏరుకుంది.

అసలు మా అమ్మకు ముందు పళ్లు రెండు లేవు. అందుకే నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఫోన్లోని అమ్మకేమో పలువరుస నిండుగా ఉంది. తీసెయ్యవే అని మనవరాలితో అనాల్సింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకోసారి చూపించమన్నాను, ఆ తర్వాత మళ్లీ మళ్లీ నేనే నొక్కుకుని చూశాను. కళ్లు తెరిపించాలంటే నల్లగొండ దాకా బస్సెక్కాల్సిన కాలంలో వద్దనడం అమ్మకు చేతనయింది. అన్నీ అరచేతిలోకే వచ్చేసిన ఈ రోజుల్లో నాకు చేతకాలేదు.

సాయంత్రం మంచం మీద ఒరిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే మా అమ్మను ఒక్కసారి తలుచుకుందామని కళ్లు మూసుకున్నాను. కొంగు రాలేదు. ఆ పళ్లే వచ్చాయి.